ఎడారిలో కార్చిచ్చు

– తృతీయ బి.యస్సీ. విద్యార్థి

ఎడారి అనగానే మనలో చాలామందికి ఇసుక దిబ్బలు, ఒంటెలు, నాలుగు ఖర్జూరపు చెట్లు కళ్ళముందు కదులుతాయి. అక్కడ తగలబడటానికి ఏముంటుంది అని ఎవరైనా అడిగితే అది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. వందేళ్ళ క్రిందట అమెరికా నైరుతి ఎడారుల గురించి యిదే ప్రశ్న అడిగివుంటే "పెద్దగా ఏమీ వుండదు" అన్నదే సరైన జవాబు. ఇప్పుడా జవాబు చెల్లదు. 2005 జూన్‌లో అరిజోనా రాష్ట్రంలో కేవ్ క్రీక్ దగ్గర పిడుగులకు అంటుకున్న మంటలు రెండు లక్షల నలభై వేల ఎకరాలకు పైగా తినేశాయి. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో డోమ్ ఫైర్ అనే మంట 43 వేల ఎకరాలు కాల్చింది. ఆ ఒక్క మంటలోనే సుమారు 13 లక్షల జాషువా చెట్లు పోయాయని అంచనా. ఎడారికి యీ నిప్పు ఎట్లా వచ్చింది, దాన్ని ఆపటానికి పోయే మనుషులెవరు, ఏం పట్టుకుని పోతారు అనేది యీ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఖాళీ జాగాయే కాపలా

సొనోరన్ ఎడారి అరిజోనా దక్షిణ భాగంలోనూ, కాలిఫోర్నియా ఆగ్నేయపు కొసనా, మెక్సికోలోని సొనోరా రాష్ట్రంలోనూ పరుచుకుని వుంది. ఇసుక తక్కువ. రాళ్ళు, గుట్టలు, వాన పడితేనే పారే వంకలు ఎక్కువ. ఫొటోలు చూస్తే మా అనంతపురం జిల్లా మెట్ట ఊళ్ళు తెలిసినవాళ్ళకు అంత పరాయి దేశమనిపించదు. కాకపోతే మన బొమ్మజెముడుకు పెద్దన్న లాంటి సగువారో అనే జెముడు చెట్టు అక్కడ స్తంభంలా నలభై అడుగులు పెరుగుతుంది. దాని పక్క కొమ్మ మొలవటానికే యాభై, డెబ్భై ఐదేళ్ళు పడుతుంది. ఆయుర్దాయం నూట యాభై ఏళ్ళ పైమాట. ఇంత నిదానంగా బ్రతికే చెట్టుకు నిప్పును తట్టుకునే మందపాటి బెరడు లేదు. ఎందుకంటే దానికి నిప్పుతో పనే పడలేదు.

పని పడకపోవటానికి కారణం చాలా చిన్నది. అక్కడ మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ వుంటుంది. వాన తక్కువ కనుక ప్రతి చెట్టూ తన వేళ్ళు పారినంత మేరా నీళ్ళు తనే తాగేస్తుంది, పక్కన ఇంకొకదానికి మిగలదు. రెండు పొదల మధ్య నాలుగైదు గజాల వట్టి నేల. ఒక చెట్టు మీద పిడుగు పడితే ఆ చెట్టు కాలుతుంది, మంట పక్కచెట్టు దాకా నడవలేక అక్కడే చస్తుంది. మా ఊళ్ళో గడ్డివాములు ఒకదానికొకటి ఆనించి వేయకపోవటంలో వున్న తెలివి యిదే. ఒకరి వామి పోయినా ఊరందరి వాములూ పోకూడదు కదా.

ఈ ఖాళీని పూడ్చింది గడ్డి. అదీ అక్కడి గడ్డి కాదు. మొహావేలో మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన రెడ్ బ్రోమ్, ఇంకా ఉత్తరాన గ్రేట్ బేసిన్‌లో యూరప్, ఆసియాల నుంచి వచ్చిన చీట్‌గ్రాస్, సొనోరన్‌లో బఫెల్ గడ్డి. ఈ బఫెల్ గడ్డి మనకు బాగా తెలిసినదే. మన వ్యవసాయ శాఖవాళ్ళు మెట్ట బీళ్ళలో పశువుల మేతకు వేసుకోమని చెప్పే అంజన్ గడ్డి యిదే. ఆఫ్రికాలోనూ, మన దేశంతో సహా ఆసియా వేడి ప్రాంతాల్లోనూ దాని పుట్టిల్లు. 1930ల్లో అమెరికావాళ్ళు పశువుల మేతకని, మన్ను కోసుకుపోకుండా వుంటుందని దాన్ని తీసుకుపోయి నాటారు. మెక్సికోలో అయితే ఎడారి చెట్లు కొట్టేసి మరీ వేలాది ఎకరాల్లో పెంచారు. అటునుంచి మనకు వచ్చిన సర్కారు తుమ్మ, మేము కంపచెట్టు అంటాము, అక్కడి మెస్కీట్ చెట్టుకు దగ్గరి చుట్టం. ఇచ్చిపుచ్చుకోవటం సమంగానే జరిగిందన్న మాట! ఇటు మన చెరువుల్లో కంప, అటు వాళ్ళ గుట్టల మీద అంజన్ గడ్డి.

మేతకు మంచిదైన గడ్డి ఎడారికి చెడ్డదెందుకయింది? అది కుదుళ్ళు కుదుళ్ళుగా చెట్ల మధ్య ఖాళీలో పెరిగి, ఎండిపోయినా రాలిపోకుండా నిలబడి వుంటుంది. నిప్పు తగిలితే పైన కాలుతుంది, వేరు చావదు, వాన పడగానే మళ్ళీ చిగురిస్తుంది. సగువారో మాత్రం చిగురించదు. కాలినవెంటనే పడిపోకుండా కొన్నేళ్ళు పచ్చగానే కనబడి, తర్వాత చనిపోయేవి కూడా వున్నాయి. అంటే ప్రతి మంట తర్వాతా గడ్డికి జాగా పెరుగుతుంది, చెట్టుకు తరుగుతుంది. అరిజోనా ప్రభుత్వం 2005లో యీ గడ్డిని హానికరమైన కలుపుగా ప్రకటించింది. డెబ్భై ఏళ్ళు ఆలస్యంగా.

ఇక్కడ మన రైతుకు వింతగా తోచే సంగతి ఒకటుంది. వానలు బాగా పడిన ఏడే ఎడారికి గండం. అడవుల్లో కరువు ఏడు మంటలు ఎక్కువ, అది అందరికీ తెలుసు. ఎడారిలో చలికాలపు వానలు బాగా కురిస్తే గడ్డి దట్టంగా లేస్తుంది, మే నాటికి అదంతా ఎండి పరుచుకుంటుంది. కేవ్ క్రీక్ మంటకు ముందు 2004–05 చలికాలం అట్లాంటిదే.

వాన రాకముందు పిడుగు

అరిజోనా ఎడారిలో ఏడాదికి రెండు వానకాలాలు. చలికాలంలో పసిఫిక్ మీదినుంచి వచ్చే నిదానపు వానలు, వేసవి చివర ఉరుములతో వచ్చే వానలు. ఈ రెండోదాన్ని వాళ్ళు మన మాటతోనే మాన్సూన్ అంటారు. సాధారణంగా జూలై మొదట్లో అందుకుంటుంది. ఏప్రిల్ నుంచి అప్పటిదాకా చుక్క రాలదు. గాలిలో తేమ మధ్యాహ్నాలు పది శాతానికి కూడా దిగిపోతుంది. ఈ మధ్య కాలమే మంటల రుతువు. అన్నిటికంటే చెడ్డవి జూన్ ఆఖరి పది రోజులు. మబ్బు వస్తుంది, ఉరుముతుంది, మెరుస్తుంది, వాన మాత్రం నేలకు చేరదు.

పుల్ల ఎండటం గురించి ఒక చిన్న లెక్క చెబుతాను. ఫిజిక్స్ లాబ్‌లో కెపాసిటర్ చార్జి అయ్యే గ్రాఫు గీసినవాళ్ళకు యిది సులభం. ఎండుపుల్ల తనలోని తేమను చుట్టూ వున్న గాలికి తగ్గట్టు మార్చుకుంటుంది. మారవలసిన దానిలో 63 శాతం మారటానికి పట్టే కాలాన్ని బట్టి అడవి అధికారులు పుల్లల్ని తరగతులు చేశారు. పావు అంగుళం కంటే సన్ననివి, అంటే గడ్డి, ఆకు, ఒక గంట తరగతి. అంగుళం దాకా పది గంటలు, మూడంగుళాల దాకా వంద గంటలు, అంతకు మించిన దుంగలు వెయ్యి గంటలు. కెపాసిటర్‌లో వచ్చే 63 శాతమే యిది, అదే సమీకరణం. అడవి దుంగ వారాల తరబడి ఎండితే గాని అంటుకోదు. ఎడారి గడ్డి తెల్లవారుజామున మెత్తగా వున్నా ఎండెక్కేసరికి పెట్రోలులా వుంటుంది. కనుక ఎడారి మంట వేగం పొద్దుటికీ మధ్యాహ్నానికీ పోలికే వుండదు. పొద్దున చూసి "ఇది చిన్నదే" అనుకోవటం ప్రమాదమని చెప్పటానికే యీ లెక్క.

గొలుసుకొలతతో గీత

ఈ మంటల మీదికి పోయే జట్లలో ముందు వరుసవాళ్ళను హాట్‌షాట్ జట్లు అంటారు. 1940ల చివర దక్షిణ కాలిఫోర్నియాలో మొదలయ్యాయి, ఇప్పుడు అమెరికా అంతటా వంద పైన వున్నాయి. ఒక్కో జట్టులో సుమారు ఇరవై మంది. ఉద్యోగానికి పరీక్ష ఏమిటంటే 45 పౌన్ల బరువు, అంటే ఇరవై కిలోల బియ్యం మూట, వీపున వేసుకుని 45 నిమిషాల్లో మూడు మైళ్ళు నడవాలి, పరుగెత్తకూడదు. పనిలో దిగాక రోజుకు పదహారు గంటలు, వరుసగా పద్నాలుగు రోజులు, తర్వాత విశ్రాంతి.

మంట ఆర్పేవాళ్ళంటే మనకు నీళ్ళ ట్యాంకూ, ఎర్ర బండీ, గొట్టమూ. వీళ్ళకు నీళ్ళు లేవు. ఎడారి గుట్టల మీదికి నీళ్ళెవరు తెస్తారు? విమానాలు ఎర్రటి మందు చల్లినా అది మంటను కొంచెం నెమ్మదింపజేస్తుందే తప్ప ఆర్పదు. వీళ్ళు చేసే పని ఒక్కటే. మంటకు ఎదురుగా నేల మీద ఒక గీత గీయటం. ముందు రంపపు మిషన్లవాళ్ళు పొదలు కోస్తూ పోతారు, కోసిన కంపను వెనకవాళ్ళు లాగి పారేస్తారు, ఆ వెనక మిగిలినవాళ్ళంతా వరుసగా వంగి ఆకూ వేరూ లేకుండా వట్టి మన్ను తేలేదాకా చెక్కుతారు. తర్వాత గీతకూ మంటకూ మధ్య మిగిలిన గడ్డిని తామే కాల్చేస్తారు, మంట వచ్చేసరికి దానికి తిండి వుండదు. వాళ్ళ చేతి పనిముట్టు పేరు పులాస్కీ. ఒక వైపు గొడ్డలి, రెండో వైపు గుద్దలి. 1910 ఆగస్టులో ఐడాహో రాష్ట్రపు పెద్ద కార్చిచ్చులో నలభై మంది దాకా కూలీలను గని సొరంగంలోకి తోసి కాపాడిన ఎడ్ పులాస్కీ అనే అటవీ రేంజరు పేరు దానికి నిలిచింది.

గీత పొడవును వాళ్ళు మైళ్ళలో గాని మీటర్లలో గాని చెప్పరు. గంటకు ఇన్ని గొలుసులు అంటారు. గొలుసు అంటే 66 అడుగులు. మన సర్వేయరు పొలం గట్టు మీద లాగిన గొలుసే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, ఎనభై గొలుసులు ఒక మైలు. గట్టు తగాదాలో గొలుసు ఎన్నిసార్లు లాగించారో మా ఊరివాళ్ళను అడగండి, చెబుతారు. ఆ కొలత ఎక్కడో అరిజోనా గుట్టల మీద యింకా బ్రతికి వుందని చదివినప్పుడు నాకు చెప్పలేనంత దగ్గరితనం కలిగింది.

ఈ మనుషులెవరు? చాలామంది ఇరవై, పాతికేళ్ళ కుర్రవాళ్ళు, కొద్దిమంది ఆడపిల్లలు. అపాచీ, నవహో జాతుల వాళ్ళకు యీ పనిలో పాత చరిత్ర వుంది. న్యూమెక్సికోలో మెస్కలేరో అపాచీలు 1948 నాటికే "ఎర్ర టోపీలు" అనే జట్టు కట్టారు, ఫోర్ట్ అపాచీ, జెరోనిమో హాట్‌షాట్లు అరిజోనా అపాచీల జట్లే. రాష్ట్రపు జైళ్ళ నుంచి ఖైదీల జట్లు కూడా పోతాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులుగా వున్న ఫైర్‌మన్‌ల హోదా దశాబ్దాల తరబడి కాగితం మీద "ఫారెస్ట్రీ టెక్నీషియన్" అనే వుండేది. మంటలార్పేవాడు అని వాళ్ళ పనికి వేరే ఉద్యోగ శ్రేణి ఏర్పడింది 2022లో. కనీస వేతనం గంటకు 15 డాలర్లకు పెంచింది 2021లో. అంత ధనిక దేశంలోనూ ఎండలో గుద్దలి పట్టుకున్నవాడి లెక్క చివరికే వస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇందులో మనకు ఆశ్చర్యపోవలసినదేమీ లేదు.

రెండు జూన్ నెలలు

మబ్బు వుండీ వాన పడదని పైన అన్నాను. ఆ వాన ఏమవుతుంది? మబ్బు నుంచి జారిన చినుకు పొడిగాలిలో దారిలోనే ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ వున్న గాలి నుంచి వేడి లాగేసుకుంటుంది. కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి పడుతుంది, నేలకు తగిలి నలువైపులా చిమ్ముతుంది. దాని కింద మంట వుంటే? అప్పటిదాకా ఉత్తరానికి పోతున్న మంట నిమిషాల్లో దక్షిణానికి తిరుగుతుంది. నిన్నటిదాకా మంట పక్కభాగంగా వున్నది తల అవుతుంది.

1990 జూన్ 26న అరిజోనాలో పేసన్ ఊరి దగ్గర డ్యూడ్ ఫైర్ మీద యిట్లాగే గాలి కుప్పకూలింది. ఒక లోయలో చిక్కుకున్న పెర్రీవిల్ జైలు జట్టులో ఐదుగురు ఖైదీలూ, వాళ్ళతో వచ్చిన ఒక జైలు అధికారిణీ చనిపోయారు. ఆ రోజు ఆ మంట మీద వున్న హాట్‌షాట్ నాయకుల్లో పాల్ గ్లీసన్ ఒకడు. ఆయన మరుసటి ఏడు, 1991లో, నాలుగు ముక్కల నియమం ఒకటి చెప్పాడు. మంటను కనిపెట్టి చూసే మనిషి ఒకడుండాలి, అతని మాట అందరికీ అందాలి, తప్పించుకునే దారి ముందే తెలిసివుండాలి, ఆ దారి చివర నిజంగా నిప్పు రాని చోటు వుండాలి. 1957 నుంచీ పది ఆజ్ఞలు, ఆ పైన పద్దెనిమిది హెచ్చరికలు వుండనే వున్నాయి. పొగలో, పరుగులో అన్నీ ఎవరికి జ్ఞాపకం వుంటాయి? నాలుగైతే వుంటాయి.

నిప్పు రాని చోటుల్లో అన్నిటికంటే నమ్మదగింది అప్పటికే కాలిపోయిన నేల. దాన్ని వాళ్ళు నల్లనేల అంటారు. కాలింది మళ్ళీ కాలదు. ఒక కాలు ఎప్పుడూ నల్లనేల మీద వుంచి పని చెయ్యమని కొత్తవాళ్ళకు చెబుతారు.

2013 జూన్ 28 సాయంత్రం యార్నెల్ అనే చిన్న ఊరి పక్క కొండ మీద పిడుగు పడింది. ఆరేడు వందల జనాభా వున్న ఊరు. ఆ కొండ మీద పొద 1966 తర్వాత కాలలేదు, దట్టమై, కరువుతో ఎండి వుంది. మరుసటి రోజు పొద్దుటికి మంట కొద్ది ఎకరాలే. సాయంత్రానికి చెయ్యి దాటింది. 30వ తేదీ ఆదివారం ప్రెస్కాట్ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంటుకు చెందిన గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్లు ఇరవై మంది పనికి వచ్చారు. ఒక మునిసిపాలిటీ నడిపే హాట్‌షాట్ జట్టు అప్పటికి దేశంలో అదొక్కటే. ఒకతన్ని కాపలా చూడటానికి కిందికి పంపి, పంతొమ్మిది మంది కొండ మీద గీత చెక్కుతున్నారు. పక్కనే నల్లనేల.

నడి మధ్యాహ్నం దాటాక ఉత్తరాన ఉరుముల మబ్బు కట్టింది. వాతావరణ శాఖ నుంచి హెచ్చరిక అందింది. కాపలా మనిషి మంట తన దగ్గరికి వస్తోందని చెప్పి జాగా వదిలాడు, ఇంకొక జట్టు బండి అతన్ని ఎక్కించుకుంది. కొండమీది పంతొమ్మిది మందీ నాలుగు గంటల తర్వాత నల్లనేల వదిలి, కాలని పొదల మధ్యగా కిందనున్న ఒక పశువుల దొడ్డి వైపు నడవటం మొదలుపెట్టారు. ఆ దొడ్డి చుట్టూ శుభ్రం చేసిన నేల, క్షేమస్థలంగా ముందే గుర్తించింది. ఊళ్ళో ఇళ్ళు కాపాడటానికే దిగారా, మరేదైనా కారణమా, చెప్పటానికి ఎవరూ మిగల్లేదు. ముప్పై నిమిషాలకు పైగా రేడియోలో వాళ్ళు ఎక్కడున్నారో పైవాళ్ళకు తెలియలేదు. గాలి తిరిగింది, మంట వాళ్ళు దిగుతున్న మూడు వైపులా మూసుకున్న లోయ నోటికి అడ్డం వచ్చింది. 4 గంటల 40 నిమిషాల ప్రాంతంలో రేడియోలో ఆఖరి మాట వినబడింది. దొడ్డి అక్కడికి ఆరు వందల గజాల దూరం.

ప్రతివాడి నడుముకూ ఒక మడతపెట్టిన గుడారం వుంటుంది. అల్యూమినియం రేకు, గాజు, సిలికా నేత, బరువు రెండు కిలోలు. 1977 నుంచి తప్పనిసరి. నేల మీద బోర్లా పడుకుని దాన్ని మీద కప్పుకోవాలి. ఎదుటినుంచి వచ్చే కిరణాల వేడిని అది తిప్పికొడుతుంది. మంటే నేరుగా తాకితే పొరల్ని అతికించిన జిగురు 260 సెంటిగ్రేడు దగ్గర విడిపోవటం మొదలవుతుంది. ఆ రోజు అక్కడ వేడి వెయ్యి దాటిందని విచారణ తేల్చింది. పంతొమ్మిది మందీ పోయారు. చాలామంది ఇరవైల్లో వున్నవాళ్ళు. అందరిలో చిన్నవాళ్ళకు 21 ఏళ్ళు. అంటే మన కాలేజీలో ఫైనలియర్ వయసు.

మొదటి విచారణ నివేదిక ఆ ఏడు సెప్టెంబరులో వచ్చింది. ఎవరి నిర్లక్ష్యమూ కనబడలేదని అన్నది. డిసెంబరులో అరిజోనా పరిశ్రమల కమిషన్ వేరే మాట చెప్పింది. కాపాడటానికి వీలుకాని కట్టడాలనూ పచ్చికనూ మనుషుల ప్రాణాల కంటే ముందు పెట్టారని రాష్ట్ర అటవీ విభాగానికి 5 లక్షల 59 వేల డాలర్ల జరిమానా వేసింది. తర్వాత ఆ వ్యవహారం రాజీలో ముగిసింది. రెండిటిలో నాకు రెండోదే సబబుగా తోస్తుంది. చనిపోయినవాళ్ళు గాలిని తప్పుగా అంచనా వేసివుండొచ్చు. కాని ఎండిన పొదల మధ్య ఇళ్ళు కట్టుకుని, ఇంటి చుట్టూ పది గజాలు కూడా చెరగకుండా, అంటుకున్న రోజున ఇరవై ఏళ్ళ పిల్లలు వచ్చి ఆపాలనుకోవటం పెద్దవాళ్ళు చేసిన ఏర్పాటు. యార్నెల్‌లో వందకు పైగా కట్టడాలు కాలిపోయాయి. నిలబడ్డ ఇళ్ళలో చాలావాటికి చుట్టూ ఖాళీ వుండింది. ఆ పశువుల దొడ్డి సంగతి చెప్పనే చెప్పాను. దాని చుట్టూ అంతా కాలింది, అది నిలిచింది. గడ్డివామి చుట్టూ చెరిగి పెట్టమని ఏ అవ్వను అడిగినా చెప్పే మాటే గదా.

2016లో ఆ చోట స్మారక పార్కు తెరిచారు. రోడ్డు నుంచి కొండ ఎక్కి ఆ లోయలోకి దిగే కాలిబాట పొడవునా రాళ్ళ మీద పంతొమ్మిది ఫలకాలు. యార్నెల్ తర్వాతా మంటలు ఆగలేదు. 2020లో బుష్ ఫైర్ అరిజోనాలో సగువారో గుట్టలతో సహా 1 లక్షా 93 వేల ఎకరాలు, 2023లో యార్క్ ఫైర్ మొహావేలో 93 వేల ఎకరాలు కాల్చాయి.

ఇంత గొడవలో జనానికి అంతగా తెలియని పని ఒకటి టూసాన్ నగరం చుట్టూ జరుగుతోంది. మంటల రుతువు కాని రోజుల్లో ఊరివాళ్ళు, స్కూలు పంతుళ్ళు, పెన్షనర్లు, విద్యార్థులు గునపాలు తీసుకుని గుట్టలెక్కి బఫెల్ గడ్డిని కుదురు కుదురుగా వేరుతో పెళ్ళగిస్తున్నారు. హాట్‌షాట్లు మంట ముందర గంటల్లో చేసే ఖాళీని వీళ్ళు నెలల ముందు చేస్తున్నారన్న మాట. గునపం అందని ఏటవాలుల్లో మందు కొడతారు. మందు పచ్చని ఆకు మీదే పనిచేస్తుంది కనుక వేసవి వాన పడి గడ్డి పచ్చబడ్డ ఆ కొద్ది వారాల్లోనే కొట్టాలి. ఒకసారి తీసిన చోటికి మరుసటి ఏడు మళ్ళీ పోవాలి, విత్తనం మన్నులో వుంటుంది. కలుపు తీసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే యిది. వానలు సరిగా పడని ఏడు గడ్డి పచ్చబడదు, ఆ ఏడు మందు కొట్టడం కుదరదు. అప్పుడు గునపమే.